జాతర బసలలో పొగమీది మాంసము

గృహిణికి వంట యెంత ముఖ్యమో, వండగా మిగిలినదానిని చెడకుండ కాపాడుటయు నంత ముఖ్యము. ఇంటిపట్టున నున్నప్పుడు మిగిలినది ఫ్రిజ్జిలో పెట్టి నిశ్చింతగా నుండవచ్చును. కాని పదిమంది కూడి జాతరకో మొక్కుబడికో పోయి, చెట్టుక్రింద బస చేసి, యాటను కోసినపుడు మిగిలిన మాంసము నేమి చేయవలెను? ఈ ప్రశ్నకు మన కల్వకుర్తి ప్రాంతమున ముందుతరములవారు చెప్పిన సమాధానము పొగ. రాత్రియంతయు సన్నని నిప్పుమీద, పలుచని పొగలో మాంసపు తునకలను ఆరబెట్టి, తెల్లవారుసరికి చెడిపోని స్థితికి తెచ్చుట వారి యుపాయము. ఈ విద్య యిపుడు కొందరు వృద్ధురాండ్ర చేతులలో మాత్రమే మిగిలియున్నది. దానిలోని గుణమేమో, ప్రమాదమేమో తెలిసికొని, తెలిసిన మేరకు సోదరీమణులతో చెప్పవలెనని యీ వ్యాసమునకు పూనుకొంటిమి.

మన నేల గొఱ్ఱెలకు పుట్టినిల్లు. దుందుభి నదికి ఇరుప్రక్కల నున్న యీ యెఱ్ఱనేలలలో వాన తక్కువ, బీళ్ళెక్కువ. పంట తప్పిన యేట మంద ఆదుకొనును. 2019వ సంవత్సరపు పశుగణనలో తెలంగాణమున గొఱ్ఱెల సంఖ్య ఒక కోటి తొంబది లక్షలుగా తేలి, దేశములో ప్రథమస్థానము లభించినది. ఆ సంఖ్యలో పాలమూరు పల్లెల మందల పాలు చిన్నది కాదు. గొల్లలు, కురుమలు వేసవిలో మేతకును నీటికిని మందలను తోలుకొని కృష్ణ యొడ్డునకును, నల్లమల యంచులకును నెలల తరబడి పోవుట మనకు క్రొత్తగాదు. ఒకచోట నాలుగు దినములు, మఱియొకచోట వారము దినములు మంద కట్టుదురు. నెత్తిన ఆకాశము, చుట్టును ముళ్ళకంప, నడుమ నిప్పు: అదియే వారి యిల్లు. దారిలో కాలు విఱిగిన జీవమును కోసినచో నలుగురు మనుష్యులు ఒక్కపూటలో తినగలిగిన దెంత? మిగిలినది నిప్పుపై కెక్కవలసినదే. వలసపోవు మట్టిపని కుటుంబముల మూటలలోను జొన్నపిండి, కారపుపొడి, వానితోపాటు ఒక గుడ్డసంచిలో ఎండిన తునకలు ఉండుట మేము చూచినదే.

ఈ తునకలనే మనవారు ఒట్టితునక లందురు. ఎండలో నెండినను, పొయ్యిమీది దండెమున పొగకు ఆరినను పేరొక్కటే. ఈ పేరు చెప్పగానే కొందఱు ముక్కు చిట్లించెదరు. అది బీదల కూడనియు, తక్కువవారి తిండి యనియు నెంచుట మన యిండ్లలో పెద్దల కాలమునుండియు కలదు. కాని బాల్యమున ఇంటివద్ద అమరము వల్లించిన మాకు ఆ చులకన ఎన్నడును మనసున కెక్కలేదు. ఏలయన, అమరసింహుడు ఎండిన మాంసమునకు ఉత్తప్తము, శుష్కమాంసము, వల్లూరము అని మూడు పేళ్ళు చెప్పినాడు. శూలమునకు గ్రుచ్చి కాల్చినదానికి శూలాకృతము, భటిత్రము, శూల్యము అని మఱి మూడు చెప్పినాడు. జనులు ఎన్నడును ఎఱుగని వస్తువునకు ఇన్ని పేళ్ళు పుట్టవు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజైన మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసములో అన్నభోగ మను భాగమున నిప్పులపై కాల్చు మాంసపు వంటకములను రాజుల భోజనములలో చేర్చి వర్ణించెను. మన కవులలో ధూర్జటి, శ్రీకాళహస్తిమాహాత్మ్యమున, తిన్నడు అడవిలో వేటాడి కాల్చిన మాంసమును శివునికి నివేదించిన కథను భక్తిరసము పొంగునట్లు చెప్పెను. దేవుడు కాదనని దానిని మనము హీనముగా చూడ నేల?

ఇతర దేశములవారును ఈ విద్యలో మనకు చుట్టములే. అమెరికావారు వారాంతములందు ఊరి వెలుపల గుడారములు వేసికొని, రాత్రియంతయు మేలుకొని, పెద్ద మాంసపు ఖండములను పండ్రెండు గంటలును అంతకు మించియు పొగపై నుంచి, మఱునాటి మధ్యాహ్నమున బంతి వేయుదురు. దానిని వారు బార్బెక్యూ అందురు. ఆ మాట కరీబియను దీవుల తైనో జాతివారి బార్బకోవా అను పదమునుండి వచ్చినది. కర్రలతో ఎత్తుగా కట్టిన చట్రమని దాని యర్థము. చేనుకాపుకై మనవారు వేయు మంచె వంటిదే యది. బ్రెజిలు దేశపు తూపీ జాతివారు అట్టి చట్రమునకు బూకాన్ అని పేరు పెట్టిరి. దానిపై మాంసము పొగబెట్టి బ్రదికిన వారికి బుకనీర్లను పేరు వచ్చి, తరువాత అది సముద్రపు దొంగలకు నిలిచిపోయినది. దక్షిణామెరికా కొండలలోని కెచువా భాషలో ఎండుమాంసమునకు చార్కీ యని పేరు. జెర్కీ యను ఇంగ్లీషు మాటకు మూలమదియే. మన దేశముననే నాగా కొండలలో పొయ్యిపై నెలల తరబడి పందిమాంసము వ్రేలాడుచుండును. మఱియొక వింత: టెక్సాసు రాష్ట్రమున మాంసము పొగబెట్టుటకు మెస్కీటు కట్టెను మెచ్చుకొందురు. మన బీళ్ళలో ముళ్ళతో నిండి రైతు తిట్లు తినుచున్న సర్కారుతుమ్మ ఆ మెస్కీటు కులమునకు చెందినదే!

ఇక మన బసల సంగతి. కల్వకుర్తికి ఉత్తరముగా, హైదరాబాదు పోవు దారిలో కడ్తాల్ సమీపమున మైసిగండి మైసమ్మ గుడి యున్నది. ఆదివారములందు డీసీఎములలోను ట్రాక్టరులలోను కుటుంబములు వచ్చి, అమ్మవారికి బోనమెత్తి, యాటను కోసి, చెట్లక్రింద వండుకొని తినిపోవుదురు. సూర్యాపేట చెంత దురాజుపల్లిలో గొల్లగట్టుపై రెండేండ్ల కొకమారు మాఘమాసమున లింగమంతులస్వామి జాతర జరుగును. అది అయిదు దినముల జాతర. లక్షలాది జనము గుట్టచుట్టును డేరాలు వేసికొని బస చేయుదురు. ఒకపూట మొక్కుబడికిని, నాలుగుదినముల బసకును భేదమున్నది. ఒకపూటలో వచ్చిపోవువారు మిగిలినదానిని పంచుకొని ఇండ్లకు చేరుదురు. రాత్రి నిలిచినవారికే అసలు చిక్కు.

ఆ చిక్కు ఎంతటిదో చెప్పెదము. కొన్నేండ్ల క్రిందట మా వీధివారు కొందఱు ఒక జాతరకు పోయిరి. మధ్యాహ్నము వండిన కూర పెద్దగిన్నెలో సగము మిగిలినది. మూతపెట్టి, గుడ్డకట్టి, డేరాలో నుంచిరి. ఉదయమున మరల మరుగ కాచి పిల్లలకు పెట్టిరి. రెండుగంటలు గడచునప్పటికి ఏడుగురు పిల్లలకు వాంతులు పట్టుకొన్నవి. అందఱికన్న చిన్నపిల్ల, నాలుగేండ్లది, సాయంకాలమునకు కండ్లు లోతునకు పోయి, పెదవులెండి, పిలిచినను పలుకని స్థితికి వచ్చినది. ఆసుపత్రికి చేర్చునప్పటికి రాత్రియైనది. సూదిద్వారా ద్రవమెక్కించి వైద్యులు ఆ బిడ్డను దక్కించిరి. తల్లి మాతో ఒక్కటే మాట అన్నది: “మళ్ళ కాచినం గద అక్కా, మరిగినంక ఇంక ఏం చెడుతది అనుకున్నం.”

ఆ మాటలోనే మన ఇండ్లలోని పెద్ద పొరపాటు దాగియున్నది. వండిన మాంసమైనను పచ్చి మాంసమైనను 5 డిగ్రీలకు పైన, 60 డిగ్రీలకు లోపల నున్నంతసేపు సూక్ష్మజీవులు దానిలో పెరుగుచుండును. అనుకూలమైన వేడిలో ఇరువది నిమిషములకొకమారు వాని సంఖ్య రెట్టింపగును. పెద్దగిన్నెలో మూతపెట్టిన కూర గంటల తరబడి గోరువెచ్చగానే యుండును. అదియే వానికి ఉయ్యాల. మన చేతులనుండియు ముక్కునుండియు ఆహారములో చేరు ఒకజాతి సూక్ష్మజీవులు పెరుగుచు విషమును విడుచును. మరల కాచినచో జీవులు చచ్చునుగాని ఆ విషము చావదు. కావున వండినది రెండుగంటలకు మించి బయట నుంచరాదు. ఎండ 32 డిగ్రీలు దాటిన దినమున ఒక గంటకు మించి యుంచరాదు. మిగులునని తోచినచో వండకముందే ఆ భాగమును వేఱుచేసి పొగపై కెక్కించుట మేలు. ఇదియే ఈ విద్యకు మూలసూత్రము: మిగిలిన కూరను కాదు, మిగులబోవు మాంసమును కాపాడవలెను.

పొగ యెట్లు కాపాడునో తెలిసినగాని దానిని సరిగా వాడలేము. కొవ్వులేని పచ్చి మాంసములో నూటికి డెబ్బదియైదు పాళ్ళు నీరే. నీరున్నచోటనే సూక్ష్మజీవులు బ్రదుకును. నిప్పు వేడిమి ఆ నీటిని తీయును. ఉప్పు మిగిలిన నీటిని పట్టియుంచి వానికి అందకుండ చేయును. పొగలోని ఫినాలులు, ఆమ్లములు మొదలగునవి తునక పైపొరలో నింకి, క్రొత్త జీవులు పుట్టకుండ అడ్డుపడును. కొవ్వు చేదెక్కుటను ఆలస్యము చేయును. ఈగ వ్రాలి గ్రుడ్లు పెట్టకుండ తరుమును. ఈ మూడింటిలో ముఖ్యమైనది ఆరుట. పొగ దానికి తోడు మాత్రమే. పైన నల్లబడి లోపల పచ్చిగా నున్న తునక పొగవాసన ఎంత వేసినను మఱునాటికి కుళ్ళక మానదు.

మొన్నటి మాఘమాసమున మేము పదునొకండు కుటుంబములతో కలసి బసచేసినపుడు ఈ పనిని మొదటినుండి తుదివరకు దగ్గర కూర్చుండి చూచితిమి. చేయించినది ఒక వృద్ధురాలు. చిన్ననాటినుండి మందవెంట నడచిన మనిషి. ఆమెకు లెక్కలు రావు, గడియారముతో పనిలేదు; కాని ఆమె చేసిన ప్రతిపనికిని కారణమున్నది. నిప్పు ఎగదోయబోయిన ఒక పడుచువానిని కసరి, మావైపు తిరిగి ఆమె యన్నమాట యిది: “మంటకు మాడుతది, పొగకు ఆరుతది పంతులమ్మా. గా రెండింటి నడిమినే కూసోవాలె.” ఈ యొక్క వాక్యములో సగము శాస్త్రమున్నది. తక్కిన సగమును మేము తరువాత పుస్తకములలో చూచి సరిపోల్చుకొంటిమి. రెండును కలిపి ఈ క్రింద చెప్పుచున్నాము.

మాంసము: తొడభాగము మంచిది. కోసిన రెండుగంటలలోపల పని మొదలుపెట్టవలెను. కొవ్వును పొరలను తీసివేయవలెను. కొవ్వు ఆరదు, కొన్నిదినములకు చేదెక్కును. కండ పోగుల వెంట నిలువుగా చీల్చి, చిటికెనవ్రేలికంటె సన్నని పట్టీలుగా కోయవలెను. మందము పావు అంగుళము దాటరాదు. అడ్డముగా కోసినచో ఎండినపిదప పొడిగా రాలిపోవును. పేగులు, కాలేయము మొదలైనవి ఈ పనికి పనికిరావు. వానిని ఆపూటకే వండుకొనవలెను.

ఉప్పు: కిలో మాంసమునకు 25 నుండి 30 గ్రాముల ఉప్పు, అనగా సుమారు అయిదు చెంచాలు, అరచెంచా పసుపు. చేతులు సబ్బుతో కడిగికొని పట్టించి, గంటసేపు చల్లని నీడలో మూతవేసి యుంచవలెను. కారము, అల్లము, వెల్లుల్లి ఇపుడు పట్టింపరాదు. ముద్ద తడిగా నుండి ఆరుటకు అడ్డమగును, వంటవేళ వేసికొనవచ్చును.

వేడినీటి ముంపు: ఇది ఆ వృద్ధురాలు చేయనిది, మేము చేర్చి చెప్పుచున్నది. ఇపుడు ఆహారశాస్త్రజ్ఞులు ఆరబెట్టుటకు ముందే మాంసము లోపలి వేడి 71 డిగ్రీలకు చేరవలెనని చెప్పుచున్నారు. ఏలయన మెల్లగా ఆరిన మాంసములో కొన్ని సూక్ష్మజీవులు వేడికి ఓర్చు గుణము సంపాదించుకొనును. మరుగుచున్న ఉప్పునీటిలో పట్టీలను కొద్దికొద్దిగా వేసి, నీరు మరల తెర్లిన తరువాత రెండు మూడు నిమిషములుంచి, ఎఱుపు పూర్తిగా పోయినదని చూచి తీసినచో చాలును. పిల్లలకు పెట్టదలచినవారు ఈ పనిని ఎంతమాత్రము మానరాదు.

మంచె: నాలుగు పంగలకర్రలను రెండున్నర అడుగుల ఎత్తున పాతి, వానిపై అడ్డకర్రలు వేసి, సన్నని ఇనుపతీగలకు పట్టీలను గ్రుచ్చి వ్రేలాడదీయవలెను. ఒకదాని కొకటి తగులరాదు. తగిలినచోట తడి నిలుచును. గాలివచ్చు వైపున తడిపిన గోనెపట్టాను తెరగా కట్టినచో పొగ మంచెక్రిందనే నిలుచును. గోనె నిప్పుకు రెండడుగుల దూరమున నుండవలెను.

కట్టె: చింత, తుమ్మ, సర్కారుతుమ్మ మంచివి. ముందు ప్రక్కన మంటవేసి, కట్టె నిప్పులైన పిదప ఆ నిప్పులను మంచెక్రిందికి లాగవలెను. మంట నేరుగా మంచెక్రింద వేయరాదు. వేప పొగ చేదు. గన్నేరు, జిల్లేడు, ముష్టి విషవృక్షములు. వాని పుల్లయొకటి కూడ నిప్పులో పడరాదు. పిల్లలు ఏరుకొనివచ్చిన పుల్లలను చూచిగాని వేయరాదు. రంగువేసిన చెక్క, ప్లయివుడ్డు, ప్లాస్టిక్కు వేసిన పొగ ఆహారమునకు విషము. పచ్చికట్టె మసిని విడుచును. పొగ పలుచనై నీలముగా నుండవలెను. తెల్లగా దట్టమై కన్నుమండించుచున్నచో నిప్పునకు గాలి చాలదని గుర్తు.

వేడి: తునకలున్న యెత్తున అరచేయి చాచి లెక్కపెట్టవలెను. అయిదాఱు లెక్కలు ఓర్చుకొనగలిగినచో సరియైన వేడి. రెండు లెక్కలకే చేయి తీయవలసివచ్చినచో పైపొర గట్టిపడి లోని తడి బయటికి రాదు. పది లెక్కలకును నిలిచినచో వేడి చాలదు, నిప్పులు చేర్చవలెను. ఇల్లిట్లు సాయంకాలము ఏడుగంటలకు మొదలుపెట్టినచో తెల్లవారి అయిదాఱుగంటలకు తునక వంచిన చోట చిట్లునుగాని తుంపులు కాదు, నొక్కినచో చెమ్మ రాదు. అదియే గుర్తు. నాలుగు కిలోల పచ్చి మాంసము పూర్తిగా ఆరినచో కిలోకు కొంచెము పైగా మిగులును. తూచి చూచికొనుట అన్నిటికంటె నమ్మకమైన పరీక్ష. ఇంకను తూకమెక్కువ యున్నచో ఇంటికి చేరిన వెంటనే వండికొనవలెను, లేక పలుచని గుడ్డకప్పి రెండుమూడు దినములు గట్టి యెండలో పెట్టవలెను. ఒక్కరాత్రి పొగకే అది నెలలు నిలుచునని నమ్మరాదు.

ఇక రాత్రి మేలుకొనుట యెవరి వంతు? ఈ మాట చెప్పక విడుచుట మాకు ఇష్టము లేదు. మొక్కుబడి దినమున ఆడువారు తెల్లవారుజామున లేచి, బోనము వండి, ఎత్తి, మోసి, మధ్యాహ్నము పదునొకండు కుటుంబములకు వండి వడ్డించిరి. మరల రాత్రియంతయు నిప్పుకడ కూర్చుండుటయు వారికే వచ్చినది. మగవారు డేరాలలో గుఱ్ఱుపెట్టిరి. అర్ధరాత్రి దాటిన పిదప ఒక కోడలు కూర్చున్నచోటనే తూలి నిప్పులవైపు ఒరిగినది. ప్రక్కనున్నామె భుజము పట్టుకొన్నందున గండము తప్పినది. చీరకొంగు అంటుకొన్నచో ఆ చీకటిలో ఏమి జరిగియుండునో ఊహింప భయమగును. అప్పుడు ఆ వృద్ధురాలు లేచి, డేరాలలోనివారిని కఱ్ఱతో తట్టి లేపి, “తినేటప్పుడు ముందట కూసుంటరు, గిప్పుడు లేవుండ్రి” అని కసరినది. తొలిజాము ఇద్దఱు, నడిజాము ఇద్దఱు, చివరిజాము ఇద్దఱు అని అప్పటికప్పుడు వంతులు పెట్టినది. మందకాడ అందఱును వంతుల వారిగా కాపుండుట ఆమెకు అలవాటు. ప్రతి బసలోను ముందే ఇట్లు పంచుకొనవలెను. నిప్పుకడ ఒంటరిగా ఎవ్వరును ఉండరాదు. కొంగు నడుమున దోపికొనవలెను. నిండుబిందె నీరు, బుట్టెడు ఇసుక చేతికందునట్లుండవలెను. పిల్లలకు మంచె చుట్టును ఆఱడుగుల గీత గీచి లోనికి రానీయరాదు.

మఱియొక గండము కంటికి కనబడనిది. మాఘమాసపు చలికి కొందఱు మిగిలిన నిప్పులను బొచ్చెలోనికెత్తి డేరాలోనో, తలుపులు మూసిన బండిలోనో పెట్టుకొని నిద్రింతురు. రాజుచున్న బొగ్గు కార్బన్ మోనాక్సైడు అను వాయువును విడుచును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రించినవారు నిద్రలోనే ప్రాణములు విడుతురు. నిప్పు ఎంత ముద్దుగా నున్నను డేరా గడప దాటనీయకుడు.

అడవిలో బసచేయువారికి వేఱొక మాట. అచ్చంపేట దాటి మన్ననూరు వైపు పోయినచో అమ్రాబాదు పులుల అభయారణ్యము వచ్చును. అక్కడ వేసవిలో ఒక్క నిప్పురవ్వ ఎకరముల కొలది అడవిని కాల్చును. ఆ హద్దులలో నిప్పు రాజేయరాదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. ఎవరైన అడవిమాంసము తెచ్చి పొగపెట్టుమన్నచో ముట్టకుండుట మంచిది. మన విద్యకు మన మందలోని జీవము చాలును.

ఆరిన తునకలను గాజుసీసాలో నింపి బిగించి ఫ్రిజ్జిలోనుంచి నెలలోపల వాడికొనవలెను. బూజు పట్టినను, జిగురు తోచినను, వాసన మాఱినను పాఱవేయవలెను. కడిగి వండుట తగదు. వండునపుడు వేడినీటిలో అరగంట నానబెట్టి, ఆ నీరు పాఱబోసినచో ఉప్పు తగ్గును. తరువాత రోటిలో ఒక్కదెబ్బ వేసి, చింతచిగురుతోనో, పుంటికూరతోనో, దోసకాయతోనో ఉడికించి, జొన్నరొట్టెతో తినినచో ఆ రుచి వేఱు. రెండు గుప్పెళ్ళ తునకలు ఆఱుగురి కూరకు చాలును.

అయినను దీనిని నిత్యాహారముగా చేసికొనరాదు. ఉప్పువేసిన, పొగబెట్టిన మాంసముల వలన పెద్దప్రేగునకు పుండుజబ్బు, అనగా క్యాన్సరు, వచ్చునని 2015లో ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ తేల్చినది. దినమునకు 50 గ్రాముల చొప్పున తినువారికి ఆ యపాయము నూటికి 18 వంతులు పెరుగునట. రక్తపుపోటు గలవారును, గర్భవతులును, పసిపిల్లలును దీనికి దూరముగా నుండుట మంచిది. పండుగకు, జాతరకు, వానకాలమున ఒకనాటికి కూరగా వాడికొనువారికి అంత భయములేదు.

బసకు పోవు ప్రతివారు మూటలో మఱియొకటి కూడ నుంచుకొనవలెను. వాంతులు, విరేచనములు పట్టుకొన్న బిడ్డకు లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆఱు సమచెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి, గ్రుక్కెడు గ్రుక్కెడుగా త్రాగించుచుండవలెను. ఓ.ఆర్.ఎస్. పొట్లములు దొరకినచో మఱియు మంచిది. బిడ్డ త్రాగలేకున్నను, మూత్రము ఆగినను, కండ్లు లోతునకు పోయినను, దేవుని దర్శనము మిగిలియున్నదని ఆలస్యము చేయక ఆసుపత్రికి పరుగెత్తవలెను.

ఈ విద్య నశించుటకు కారణము మనము దానిని మఱచుట మాత్రమే కాదు. పొయ్యిల స్థానమున గ్యాసు వచ్చినది. ఆడువారి కండ్లును ఊపిరితిత్తులును పొగనుండి బయటపడినవి. అది గొప్ప మేలు, దానిని వెనుకకు త్రిప్పుమని ఎవ్వరును కోరరాదు. పొయ్యితోపాటు పొయ్యిమీది దండెమును పోయినది. అందువలన ఇంటిలో నిత్యము జరిగినపని ఇపుడు ఏటికొక్కమారు జాతర బసలో మాత్రమే జరుగుచున్నది. ఏటికొక్కమారు జరుగు పనిని చూపి నేర్పువారు పోయిరేని, పడుచువారు కంటికి తోచినట్లు చేయుదురు; అప్పుడు అపాయము కలుగును.

కావున సోదరీమణులారా, ఈయేడు మీ బసలో ఇట్టి యవ్వ యొకతె యున్నచో ఆమె ప్రక్కన ఒక రాత్రి కూర్చుండుడు. ఆమె చేతి లెక్కను మీ గడియారముతోను, ఆమె చూపును మీ తరాజుతోను సరిచూచుకొనుడు. ఆమె యెఱుగని వేడినీటి ముంపును ఆమెకు చెప్పుడు. ఆమె యెఱిగిన నిప్పు నడకను మీరు నేర్చుకొనుడు. ఆమె కులమేదని, ఆమె తునక యెవరి తునకయని అడుగకుడు. ఆ తెల్లవారుజామున మేము మంచెనుండి దింపిన తునకలను పదునొకండు భాగములుగా పంచునపుడు, ఆ వృద్ధురాలు తన భాగమును మాత్రము చిన్నదిగా పెట్టికొన్నది. పిల్లలున్న ఇండ్లకు పెద్దవి పెట్టినది. ఆ తునకలు తిన్న యిండ్లలో ఒక్క బిడ్డకును కడుపునొప్పి రాలేదు.